ఉప్పు పెంచిన నగరం

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రకృతి సంపద వల్ల వర్ధిల్లిన ఒక నగరం, ఆ సంపదకు చెల్లించిన మూల్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

‘ఉప్పు తిన్న విశ్వాసం’ అనేది తెలుగువారి పలుకుబడి. మేలు చేసినవారిని మరువరాదని దాని భావం. ఒక నగరమే ఉప్పుకు ఋణపడిన ఉదంతం జర్మనీ చరిత్రలో కనిపిస్తుంది. ఆ నగరం లూనెబుర్గ్. ఇది ఉత్తర జర్మనీలో, హాంబర్గ్ రేవుపట్టణానికి ఆగ్నేయంగా, ఇల్మెనౌ నదీతీరాన ఉంది.

ఈ నగరం అడుగున విస్తారమైన ఉప్పు నిక్షేపం ఉంది. భూగర్భజలం దానిని కరిగించుకొని చిక్కని ఉప్పునీటి ఊట అయింది. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఈ ఊటలో దాదాపు 300 గ్రాములు ఉంటుంది. ఒక వేటగాడు అడవిపంది రోమాలపై తెల్లని స్ఫటికాలను చూసి, అది పొర్లిన మడుగును వెదకి ఉప్పు జాడ కనుగొన్నాడని స్థానికుల గాథ. చారిత్రకాధారం మాత్రం క్రీ.శ. 956 నాటిది. ఆ ఏడాది మొదటి ఒట్టో రాజు అక్కడి ఉప్పు సుంకపు రాబడిని సెయింట్ మైకేల్ మఠానికి దానం చేశాడు.

ఎండలు మెండుగా ఉన్న దేశాలలో సముద్రజలాన్ని మడులలో నిలిపి ఉప్పు పండిస్తారు. ఉత్తర జర్మనీలో సూర్యుని పనిని నిప్పు నెరవేర్చింది. మధ్యయుగంలో లూనెబుర్గ్‌లో ఉప్పు కాచే శాలలు 54 ఉండేవి. ఒక్కొక్క శాలలో నాలుగేసి సీసపు మూకుళ్లలో ఉప్పునీటిని కట్టెల మంటపై మరిగించేవారు. నీరు ఆవిరి కాగా మిగిలిన ఉప్పును తీసి ఆరబెట్టేవారు. పొగకూ వేడిమికీ ఓర్చి శ్రమించిన కార్మికులే ఆ నగర వైభవానికి పునాది.

నాటి ఐరోపాలో క్రైస్తవులు ఉపవాస దినాలలో మాంసం విడిచి చేపలు తినేవారు. బాల్టిక్ ప్రాంతంలో పట్టిన హెర్రింగ్ చేపలు చెడిపోకుండా నిలవాలంటే ఉప్పు కావాలి. అందుచేత లూనెబుర్గ్ ఉప్పు బండ్లపై ల్యూబెక్ రేవుకు తరలేది. 1398లో స్టెక్నిట్జ్ కాలువ పూర్తికాగా పడవ రవాణా సులభమైంది. హాన్సా వర్తక కూటమిలో లూనెబుర్గ్ సంపన్న నగరంగా వెలిగింది. కాలక్రమంలో ఫ్రాన్సు తీరపు చౌక సముద్రలవణం పోటీకి రావడంతో ఆ ప్రాభవం సన్నగిల్లింది.

అయితే ఉప్పు ఇచ్చిన సిరికి ప్రతిఫలం నేల చెల్లించింది. అడుగున ఉప్పు కరిగి తరలిపోయిన కొలదీ పైనున్న నేల కుంగింది. గోడలు బీటలు వారాయి. ఉప్పు కార్మికుల వాడలోని సెయింట్ లాంబర్ట్ దేవాలయం శిథిలం కాగా, 1860 ప్రాంతంలో దానిని కూల్చివేయవలసి వచ్చింది. 1980లో కర్మాగారం మూతపడింది. 1989లో అక్కడే ఉప్పు ప్రదర్శనశాల వెలిసింది. నేటికీ కొన్ని తావులలో నేల కుంగుతూనే ఉంది. భూమి నుండి తీసుకొన్నది ఎంతో లెక్కించిన మానవుడు, భూమిలో మిగిల్చిన వెలితిని కూడా లెక్కించవలసి ఉంటుందని ఈ నగరం తెలియజేస్తున్నది.

కఠిన పదాలకు అర్థాలు
ఉదంతం = వృత్తాంతం
నిక్షేపం = భూమిలోని నిధి
సుంకం = పన్ను
ప్రాభవం = గొప్పతనం
వెలితి = లోటు

ప్రశ్నలు
1. లూనెబుర్గ్‌లో ఉప్పు తయారుచేసిన విధానాన్ని వివరించండి.
2. హెర్రింగ్ చేపలకూ ఉప్పు వర్తకానికీ గల సంబంధం ఏమిటి?
3. ‘ఉప్పు ఇచ్చిన సిరికి ప్రతిఫలం నేల చెల్లించింది’ అనే వాక్యాన్ని సమర్థించండి.