ఓటరు విశ్వాసం – అభ్యర్థి మతం

ఎన్నికల చట్టాల అధికారం పోలింగు కేంద్రం గడప వరకే. లోపల, తెరచాటున, ఓటరు ఏ కారణంతో ఎవరిని ఎన్నుకుంటాడో శాసించడం ఏ చట్టానికీ సాధ్యం కాదు. అమెరికా రాజ్యాంగ నిర్మాతలు ఒక మేలైన నియమం చేసినప్పుడు ఈ పరిమితి మిగిలిపోయింది. వారికి ఇంగ్లండు చరిత్ర తెలుసు. అక్కడ 1673 నాటి టెస్ట్ చట్టం ప్రకారం ప్రభుత్వ పదవి చేపట్టేవారు ఆంగ్లికన్ చర్చి సంస్కారాన్ని స్వీకరించి తీరాలి. ఆ విధానాన్ని తిరస్కరిస్తూ, 1787లో ఫిలడెల్ఫియాలో రూపొందిన రాజ్యాంగం తన ఆరవ అధికరణంలో, ఏ ప్రభుత్వ పదవికీ మతపరమైన పరీక్ష ఉండరాదని నిర్దేశించింది. రాజ్యం ఆ పరీక్ష పెట్టరాదు, సరే. ఓటరు పెట్టవచ్చునా? దైవభక్తి గల ఓటరు, అల్పసంఖ్యాక మతానికి చెందిన అభ్యర్థి ఎదురైనప్పుడు ఆ మతాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

1928లో ఈ ప్రశ్న తీవ్రరూపం దాల్చింది. ఆ ఏడు డెమొక్రాటిక్ పార్టీ పక్షాన అధ్యక్ష పదవికి పోటీచేసిన ఆల్ఫ్రెడ్ స్మిత్ కాథలిక్కు. న్యూయార్క్ పేదవాడలో పుట్టి, చేపల మార్కెట్లో పనిచేసి, ఆ రాష్ట్రానికి నాలుగుసార్లు గవర్నరుగా ఎన్నికైన సమర్థుడు. ప్రొటెస్టంటులు అధికసంఖ్యాకులైన ఆ దేశంలో, అతడు గెలిస్తే రోములోని పోపు అమెరికాను పాలిస్తాడని ప్రచారం జరిగింది. స్మిత్ ఘోరంగా ఓడిపోయాడు. మద్యనిషేధాన్ని అతడు వ్యతిరేకించడం, ఆనాటి ఆర్థిక సౌభాగ్యం అధికారపక్షానికి కలిసిరావడం కూడా ఆ ఓటమికి కారణాలే. విచిత్రమేమంటే గెలిచిన హెర్బర్ట్ హూవర్ సైతం క్వేకర్ అనే చిన్న శాఖకు చెందినవాడు. ఆ అల్పసంఖ్యాకత్వం అంతగా భయపెట్టలేదు. దీనినిబట్టి ఓటర్లను కలవరపరచినది సంఖ్య కాదని, అభ్యర్థి వెనుక మరొక ప్రభువు ఉన్నాడన్న అనుమానమని గ్రహించవచ్చు.

ముప్ఫైరెండేళ్ల తరువాత జాన్ కెనడీ అదే అనుమానాన్ని ఎదుర్కొన్నాడు. 1960 సెప్టెంబరు 12 రాత్రి, హ్యూస్టన్ నగరంలోని ఒక హోటల్లో ప్రొటెస్టంటు మతబోధకుల సభకు వెళ్లి, వారి ప్రశ్నలకు సమాధానమిచ్చాడు. తాను కాథలిక్కుల అభ్యర్థిని కాననీ, ఒక పార్టీ అభ్యర్థిననీ, ప్రభుత్వ విషయాలలో తన చర్చి తన తరఫున మాట్లాడదనీ స్పష్టం చేశాడు. యుద్ధంలో తాను పోరాడినప్పుడు, తన అన్న ప్రాణాలర్పించినప్పుడు తమ దేశభక్తిని ఎవరూ శంకించలేదని గుర్తుచేశాడు. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి ఉంది. పదవీధర్మం, అంతరాత్మ పరస్పరం విరుద్ధమై, రెండింటిలో ఒకదానిని భంగపరచక తప్పని స్థితి వస్తే పదవికి రాజీనామా చేస్తానన్నాడు. మతాన్ని తేలికచేసి ఓట్లు అడగలేదు. దానిని దాచనూ లేదు.

ఆ బోధకులు అడిగినది తప్పని చెప్పలేము. పదవిలో ఎవరి ఆజ్ఞకు లోబడతావని అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉంది. ఆ ప్రశ్నను అధికసంఖ్యాకుల అభ్యర్థినీ అడగాలి. అలాగే భక్తుడైన ఓటరును తన భక్తిని గడప బయట వదలి రమ్మనడం న్యాయం కాదు. సత్యం, దయ, దీనులపట్ల బాధ్యత వంటి విలువలను అతడు తన మతం నుండే నేర్చుకుని ఉండవచ్చు. వాటితో అభ్యర్థి విధానాలను కొలవడం అతని ధర్మమే. చిక్కు వచ్చేది కొలత మారినప్పుడు: అభ్యర్థి ఏం చేస్తాడన్నది విడిచి, ఏ దేవాలయానికి వెళతాడన్నదే ప్రమాణమైనప్పుడు.

ఈ భేదాన్ని ఆ ఎన్నికలలోనే ఒక మతబోధకుని అనుభవం వెల్లడించింది. అట్లాంటాలోని ఎబినేజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ సీనియర్, కాథలిక్కు అయిన కారణంగా కెనడీకి ఓటు వేయరాదని నిశ్చయించుకున్నాడు. నల్లజాతివాడిగా జీవితమంతా వివక్షను అనుభవించిన వ్యక్తికే ఈ దురభిప్రాయం ఉండడం కెనడీని సైతం ఆశ్చర్యపరచింది. అక్టోబరులో ఆయన కుమారుడు, పౌరహక్కుల నాయకుడైన కింగ్ జూనియర్, జాతివివక్షకు నిరసనగా సత్యాగ్రహం చేసి అరెస్టయ్యాడు. పాత ట్రాఫిక్ కేసు షరతులను ఉల్లంఘించాడంటూ న్యాయమూర్తి నాలుగు నెలల కఠినశిక్ష విధించాడు. కెనడీ, గర్భవతియైన అతని భార్య కొరెట్టాకు ఫోను చేసి ధైర్యం చెప్పాడు. కెనడీ తమ్ముడు రాబర్ట్ న్యాయమూర్తితో మాట్లాడాడు. కింగ్ బెయిలుపై విడుదలయ్యాడు. తన కోడలి కన్నీరు తుడిచిన మనిషికే ఓటు వేస్తానని ఆ వృద్ధ బోధకుడు బహిరంగంగా ప్రకటించాడు. ఆ ఫోనులో రాజకీయ లెక్క లేదని అనలేము. అయినా గమనించవలసినది, కాథలిక్కు సిద్ధాంతాలపై కింగ్ సీనియర్ అభిప్రాయం మారవలసిన అవసరమే రాలేదన్నది. ఆయన బాప్టిస్టుగానే ఉండి, చూపు మాత్రం మార్చుకున్నాడు.

నవంబరులో కెనడీ దేశవ్యాప్తంగా సుమారు లక్షా పన్నెండు వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. కాథలిక్కులలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆయనకే ఓటు వేశారని అంచనా. మతం చూసి తిరస్కరించడం దోషమైతే, మతం చూసి వరించడం ఏమవుతుంది? రెండవదానిని మనం సులభంగా క్షమిస్తాము. కన్నడంలో మతమన్నా ‘మత’మే, ఓటన్నా ‘మత’మే, హిందీలో ఓటు వేయడం ‘మత్‌దాన్’. సంస్కృతంలో ఆ పదానికి అభిప్రాయమని అర్థం; మన ‘సమ్మతం’, ‘అభిమతం’ అందులోనుండి వచ్చినవే. తెలుగువారు ‘ఓటు’ అనే ఆంగ్లపదాన్ని తెచ్చుకుని ఈ శ్లేషను తప్పించుకున్నారు. చిక్కు మాత్రం తప్పలేదు.

మన దేశంలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం మతం పేరిట ఓటు అడగడాన్ని అవినీతికర చర్యగా పరిగణిస్తుంది. అభ్యర్థి మతాన్నే కాక ఓటర్ల మతాన్ని చూపి అడిగినా అది వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 ఆధిక్యంతో తీర్పునిచ్చింది. ఇదీ అడిగేవారిని బంధించేదే, వేసేవారిని కాదు.

అమెరికాలో 2012 నాటికి కథ మరో మలుపు తిరిగింది. రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి మిట్ రామ్నీ మార్మన్. సంప్రదాయ క్రైస్తవులు అనేకులు మార్మన్ శాఖను క్రైస్తవంగానే అంగీకరించరు. సుప్రసిద్ధ ప్రచారకుడు బిల్లీ గ్రాహం సంస్థ సైతం తన వెబ్‌సైటులో దానిని పెడమార్గపు శాఖల సరసన పేర్కొంటూ వచ్చింది. ఆ అక్టోబరులో రామ్నీ వచ్చి గ్రాహంను కలిశాడు. కొద్ది రోజులలోనే ఆ పేజీ అదృశ్యమైంది. కింగ్ సీనియర్ తన సిద్ధాంతాన్ని విడవకుండానే అన్యమతస్థునికి ఓటు వేశాడు. ఇక్కడ ఎన్నికల వేళకు జాబితాయే సవరణ పొందింది.