గోరింట – రంగు, మందు

కోరుకొండ పరిసర గ్రామాలలో దొడ్లకు కంచెగాను, కనులకింపుగాను పెంచే గోరింటను సంస్కృతంలో మదయంతిక అనీ, ఉర్దూలో మెహందీ, హినా అనీ అంటారు. దీని శాస్త్రనామం లాసోనియా ఇనర్మిస్. ఆషాఢమాసంలో హిందూ స్త్రీల అరచేతులను, చాంద్ రాత్ నాడు ముస్లిం స్త్రీల అరచేతులను పండించేది ఈ ఒక్క ఆకే. అందులోని లాసోన్ అనే పదార్థం చర్మంలోని మాంసకృత్తులతో కలిసి ఆ ఎరుపునిస్తుంది. పూల నుండి తీసే హినా అత్తరు పరిమళం సంగతి వేరే చెప్పాలా!

అరికాళ్ల మంటకు, గోరుచుట్టుకు ఆకు నూరి కట్టడం పూర్వాచారం. బెరడు కషాయాన్ని కామెర్లకు ఇచ్చేవారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన శిశువులకు గోరింట పూస్తే, లాసోన్ చర్మం గుండా రక్తంలో చేరి ఎర్రకణాలను ఛిద్రం చేయవచ్చు. అప్పుడు వచ్చేవి కామెర్లే. లోపం పైకి కనబడదు గనుక పసిబిడ్డలకు పెట్టకుండుటే మేలని విద్యార్థులు తమ ఇండ్లలో చెప్పాలి. ఇక ‘నల్ల మెహందీ’లో తరచు కలిపే పారాఫినిలిన్ డయమిన్ అనే రంగు కొందరికి బొబ్బలు పుట్టిస్తుంది. గోరింట తనంతట నల్లని రంగు నీయదు.