హార్మోనియం – వినికిడి విద్య

విన్న పాటను విన్నట్లు, స్వరలిపి పుస్తకం లేకుండా, హార్మోనియంపై పలికించాలని కోరే విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. నెల రోజులు మెట్లు నొక్కి, పల్లవిలో సగం వరకు వచ్చి, ఆపైన చేయి సాగక, తమకు సంగీతజ్ఞానం పుట్టుకతోనే లేదని నిశ్చయించుకొని పెట్టె మూసివేసేవారు వీరిలో పలువురు. లోపం జ్ఞానంలో లేదు. ప్రారంభించిన చోట ఉన్నది. వారు వెదకినది పాటలోని మొదటి స్వరాన్ని. వెదకవలసినది ఆధార షడ్జమాన్ని.

పాటను నడుమ ఆపి, ఇది ఏ నాదం మీదికి వచ్చి విశ్రమించగోరుతున్నదని ప్రశ్నించుకొని, ఆ నాదాన్ని కూనిరాగంగా పట్టుకొనవలెను. తంబూరా వినబడితే పని మరింత సులభం. గొంతులో దానిని వదలకుండా నిలిపి, మెట్లు ఒక్కొక్కటిగా నొక్కుతూ పోతే ఒకచోట గొంతు, పెట్టె కలిసి ఒకటైపోతాయి. అదే షడ్జమం. శాస్త్రీయ గానంలో పురుషుల గాత్రానికి ఒకటి, ఒకటిన్నర శ్రుతుల దగ్గర, స్త్రీల గాత్రానికి ఐదు, ఐదున్నర దగ్గర వెదికితే శ్రమ తగ్గుతుంది. సినిమా పాటకు ఈ నియమం లేదు. మెట్లపై స-రి-గ-మ అని కాగితపు ముక్కలు అంటించే అలవాటు కొందరిలో ఉన్నది. అభ్యాసకునికి అంతకు మించిన శత్రువు లేదు. మెట్టుకు స్వతహాగా పేరు లేదు. షడ్జమం నిర్ణయమైన తరువాతనే పేరు.

ఈ మాట నిజమో కాదో నల్లమెట్లతోనే పరీక్షించవచ్చు. అవి రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదానిని షడ్జమంగా భావించి, తెల్లమెట్లు తాకకుండా పైకి ఐదింటిని పలికిస్తే మోహన రాగం, హిందూస్తానీలో భూప్. బాలపాఠాలలోని 'వరవీణ' గీతం ఈ రాగంలోనిదే. అదే గుంపులో రెండవ మెట్టు నుండి ఆరంభిస్తే మధ్యమావతి, మూడవ మెట్టు నుండి హిందోళం. రెండింటి గుంపులో మొదటి మెట్టు నుండి శుద్ధసావేరి, రెండవ మెట్టు నుండి శుద్ధధన్యాసి. మెట్లు అవే ఐదు, రాగాలు ఐదు! దీనినే గ్రహభేదమంటారు. ఆరంభించిన మెట్టును మిత్రుడొకడు నొక్కిపట్టి ఉంచితే ఈ భేదం చెవికి స్పష్టంగా అందుతుంది.

హిందోళానికే హిందూస్తానీలో మాల్కౌన్స్ అని పేరు. త్యాగరాజస్వామి 'సామజవరగమన' ఈ రాగంలోనిదే. 1952లో వచ్చిన 'బైజూ బావ్రా' చిత్రంలో షకీల్ బదాయూనీ రచించి, నౌషాద్ స్వరపరచి, మహమ్మద్ రఫీ పాడిన హరిభజనకు ఆధారమూ ఈ రాగమే. ఉర్దూ విద్యార్థి, తెలుగు విద్యార్థి ఒకే పెట్టె ముందు కూర్చొని ఒకరు కీర్తనను, ఒకరు రఫీ పాటను ఒకే శ్రుతిలో ఎత్తుకుంటే వ్రేళ్ళు ముఖ్యంగా తిరిగేది ఆ మెట్ల మీదనే.

షడ్జమం దొరికిన పిమ్మట పల్లవిలో నాలుగు మాటలకంటె ఎక్కువ తీసుకొనరాదు. ముందు పాడవలెను, గొంతు పట్టనిదానిని వ్రేలు పట్టలేదు. స్వరం పైకి పోయినదా, దిగినదా, నిలిచినదా; పక్క మెట్టుకు నడిచినదా, మెట్లు దాటి దూకినదా అన్నంతే ప్రశ్న. పూర్వం టేపు వేగాన్ని సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి దిగిపోయేది. నేటి చరవాణిలో శ్రుతి చెడకుండానే వేగం తగ్గించే సౌకర్యం ఉన్నది. దానిని వాడుకొనుటలో తప్పు లేదు.

అయితే హిందోళంలో స్వరాలు ఊగే తీరు ఈ వాద్యంపై పలకదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న నాదం దీనికి అందదు. ఇటువంటి ఆక్షేపణలు బలపడియే ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియంను బహిష్కరించింది. 1971లో గాని, అదియును పరిమితులతో, మరల లోనికి రానీయలేదు. కనుక ప్రారంభకుడు గమకభరితమైన కీర్తన జోలికి పోక, స్వరాలు విడివిడిగా వినబడే భజననో, సినిమా పాటనో ఎన్నుకొనుట మేలు.