మెట్ల కింద ఉన్న పాత బండిని రోడ్డెక్కించే 15 చిట్కాలు

గాజులరామారం, సూరారం, చింతల్ పాత ఇళ్లలో మెట్ల కిందో, వరండా మూలనో పట్టా కప్పిన బండి ఒకటి ఉంటుంది. నాన్న హెచ్‌ఎంటీకో, ఐడీపీఎల్‌కో డ్యూటీకి వెళ్లొచ్చిన బుల్లెట్టు, మైసూరులో తయారైన యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100. దాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి తూకానికి వేయకండి. లేతు పనికి, బోరింగుకు, బఫింగుకు జీడిమెట్ల పక్కనే ఉంది. మిగతా పని చాలావరకు ఇంట్లోనే అవుతుంది. కింది చిట్కాలు ఏ వరసలో ఉన్నా, పని వరస మాత్రం తప్పకూడదు: ముందు కాగితాలు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇంజను, అన్నిటికన్నా చివర మెరుపు.

1. ముందు ఆర్సీ వెతకండి. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఈ కాలనీలున్న కుత్బుల్లాపూర్ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేది కాబట్టి మీ కార్డు మీద ఏపీ 28 ఉండవచ్చు. ఇప్పుడది ఉన్న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కోడ్ టీజీ 08. బండి తాత పేరునో, నాన్న పేరునో ఉంటే పేరు మార్పిడి సంగతి మొదట తేల్చుకోండి. అది తేలేదాకా సామాన్ల మీద రూపాయి పెట్టకండి.

2. బండి వయసు 50 దాటితే రెండు దారులున్నాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. అయితే ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చినవై ఉండకూడదు, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. రోజూ ఆఫీసుకు నడపాలనుకుంటే మామూలు రెన్యువలే సరైన దారి.

3. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చండి. ఆ చోట కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. అక్కడ గ్రైండర్ పెట్టనివ్వకండి, మందంగా రంగు వేయనివ్వకండి. నంబరు చెరిగితే బండి ఎంత బాగున్నా కాగితం మీద బతకదు.

4. విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. కేబుళ్లు ఏ దారిన వెళ్తున్నాయో, వాషర్ ఏ పక్కన ఉందో దగ్గర నుంచి తీయండి. విప్పిన బోల్టును వీలైతే దాని రంధ్రంలోనే తిరిగి బిగించి ఉంచండి. మిగతావి కోడిగుడ్ల అట్ట ట్రేలలో విప్పిన వరసలోనే పెట్టి, పక్కన పేరు రాయండి.

5. ఇంజను పట్టేసిందా? కిక్కు మీద ఎక్కి తొక్కకండి. ప్లగ్గు తీసి, డీజిల్, ఇంజన్ ఆయిల్ సమానంగా కలిపి ఆ రంధ్రంలో పోయండి. కొన్ని రోజులు ఓపిక పట్టండి. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి. వదిలితే సరే, లేదంటే హెడ్డు విప్పాల్సిందే.

6. టాంకు లోపలి తుప్పుకు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. పెట్రోలు పూర్తిగా తీసేసి, కాక్ విప్పి, ఆ రంధ్రం మూసేయండి. లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల లెక్కన కలిపి నిండా పోసి ఒక రోజు ఉంచండి. పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో పెట్టండి. తడి ఆరగానే కాస్త ఆయిల్ పోసి లోపలంతా తిప్పండి. ఆలస్యం చేస్తే తుప్పు మళ్లీ పడుతుంది. టాంకుకు వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దు. ఖాళీ టాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

7. క్రోము మీద చిన్న తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దండి. అది క్రోము కన్నా మెత్తన, గీతలు పడవు. పొర ఊడిపోయిన చోట మాత్రం ప్లేటింగ్ తప్పదు.

8. ఇత్తడి బ్యాడ్జీలకు చింతపండు గుజ్జు చాలు, రుద్దగానే కడిగేయాలి. కార్బొరేటర్ జెట్లకు ఈ పని చేయకండి, తీగ కూడా దూర్చకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు లెక్క తప్పుతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టిస్తే సరిపోతుంది.

9. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు దుమ్ము ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. లైనర్లు, కేబుళ్లు కొత్తవి వేయండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గుండీలు బాగున్నాయని పాత టైరును నమ్మకండి.

10. సామాన్లకు రాణిగంజ్, పుత్లీబౌలి వెళ్లేటప్పుడు పాత భాగం చేతిలో ఉండాలి. కొత్తది తెచ్చాక కూడా అసలుది పారేయకండి. చాలాసార్లు పాత ఇనుమే గట్టిది. లేతు మీద బుష్ వేయిస్తే ఇంకో తరం నడుస్తుంది. బోరింగుకు ఇచ్చే ముందు పిస్టన్ కొనండి. ఆ పిస్టన్ కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేయమని టర్నర్‌ను అడగండి.

11. కాస్ట్ ఐరన్ బుల్లెట్టు 350కి పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్లు వేలితో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఈ రెండూ కుదిరితే ఆ ఇంజను చప్పుడులోనే తేడా వినిపిస్తుంది.

12. యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్లలో పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. పాత యెజ్డీకి లీటరుకు 40 మిల్లీలీటర్లు వాడుకలో ఉన్న కొలత. ఆర్‌ఎక్స్ 100కు ఆయిల్ పంపు ఉంటుంది. పంపు పని చేస్తోందని తేలేదాకా పెట్రోలులో కూడా కలపండి. ఏళ్ల తరబడి ఆగిన బండిలో క్రాంకు ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి, అవి మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి పాత రబ్బరు పైపులు ఆగవు, కొత్తవి వేయండి. నడపని నెలల్లో టాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయండి.

13. వైరింగు ముట్టుకునే ముందు బండి 6 వోల్టులదా, 12 వోల్టులదా చూడండి. బ్యాటరీ, బల్బులు, హారన్ అన్నీ ఆ లెక్కలోనే ఉండాలి. ఎలుకలు కొరికిన వైరుకు టేపు చుట్టి సరిపెట్టకండి.

14. రంగు పని వానాకాలంలో పెట్టుకోకండి. గాలిలో తేమకు పెయింటు తెల్లబారుతుంది. దీపావళి దాటాక ఎండ, పొడిగాలి రెండూ కలిసొస్తాయి. మద్రాసు ఫ్యాక్టరీలో బుల్లెట్టు టాంకుల మీద బంగారు గీతలు చేత్తో గీసేవారు. మీ టాంకు మీద అవి మిగిలి ఉంటే గీకేయకండి. మెల్లగా పాలిష్ పట్టి, మైనం పూసి కాపాడండి. ఆ గీత పోతే మళ్లీ రాదు.

15. మొదటి స్టార్టింగు ఆరుబయటే చేయండి. మూసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది. బుల్లెట్టు చాలాకాలం ఆగితే ఆయిల్ కిందికి క్రాంకులోకి దిగుతుంది; దాన్ని తీసేసి కొత్తది పోయండి. స్టార్టయ్యాక హెడ్డు దగ్గరి ఆయిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి, ఆయిల్ పైదాకా వస్తోందో లేదో చూడండి. కొత్త పిస్టన్ వేస్తే మొదటి 500 కిలోమీటర్లు 40, 50 మధ్యే నడపండి. చేసిన ప్రతి పనినీ తేదీతో పుస్తకంలో రాయండి. జావా–యెజ్డీ వాళ్లు ఏటా జులై రెండో ఆదివారం తమ రోజుగా జరుపుకుంటారు. ఆ రోజు మీ బండినీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో పిల్లలకు పానా పట్టుకోవడం నేర్పండి. బండిని బాగుచేసే చెయ్యి ఇంట్లో ఉంటే అది మళ్లీ మెట్ల కిందికి పోదు.