రెండు చుక్కల రష్యన్ ‘యో’

ప్రశ్న: రష్యాలో మెడిసిన్ చదువుతున్నాను. రెండు చుక్కల ‘యో’ అక్షరం ల్యాప్‌టాప్‌లో ఎలా కొట్టాలి? ఆ అక్షరమున్న పేర్లు వెతికితే ఒక్కోసారి దొరకవెందుకు?

జవాబు: విండోస్‌లో రష్యన్ కీబోర్డు పెట్టుకోండి. సాధారణంగా ఎస్కేప్ కింద, 1 అంకెకు ఎడమ పక్కనుండే మీటే ‘యో’. పెద్దక్షరానికి షిఫ్ట్ కలపాలి.

వెతుకులాటలో చిక్కు వేరే. ఈ అక్షరానికి యూనికోడ్ సంకేతం 0451. అచ్చం ఇలాగే కనిపించే లాటిన్ అక్షరం ఒకటుంది, దాని సంకేతం 00ఇబి. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు కాదు. ఎవరైనా పేరు మధ్యలో లాటిన్ అక్షరం అతికిస్తే ఆ పేరు వెతుకులాటకు అందకపోవచ్చు. పైగా రష్యన్లు చాలాచోట్ల చుక్కలు వదిలేసి ‘యె’తోనే సరిపెడతారు. అందుకే రెండు రకాలుగానూ వెతకండి. రోగి పేరు నమోదు చేసేటప్పుడు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టండి.