కారు ఎక్కడ కావాలి, ఎక్కడ వద్దు

ఫీనిక్స్

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. న్యూయార్క్, నయాగరా, వాషింగ్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో... రెండు వారాల్లో ఇన్నా? ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట ఎయిర్‌పోర్టుకే పోతుంది.

అమ్మానాన్నలు పెద్దవాళ్లు, రోడ్డు ప్రయాణం తట్టుకోలేరు, సిటీలే నయం అన్నావు. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లను చూశాక నాకు అలా అనిపించడం లేదు. వాళ్లను అలసగొట్టేది సిటీయే. న్యూయార్క్ సబ్‌వేలో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా! కారులో అయితే కాళ్లు చాపుకుంటుంది. హైవే పక్కన రెస్ట్ ఏరియా వస్తే ఆపుకుని, నీడలో పులిహోర డబ్బా విప్పుకోవచ్చు.

అలాగని తూర్పు వైపు కారు తీసుకోకు. మన్‌హాటన్‌లో పార్కింగ్ ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు ఆమ్‌ట్రాక్ రైల్లో మూడున్నర గంటల ప్రయాణం, ఊరి నడిబొడ్డున దిగుతారు. అక్కడి స్మిత్‌సోనియన్ మ్యూజియాలకు టికెట్ లేదు, అడిగితే వీల్‌చైర్ కూడా ఇస్తారు. తూర్పున ఆ రెండు ఊళ్లూ చాలు.

తర్వాత విమానంలో మా ఇంటికి వచ్చెయ్యండి. ఇక్కడి నుంచి మాత్రం కారు ఉండాల్సిందే. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు మూడున్నర గంటలు, అక్కడి నుంచి పేజ్ ఊరికి రెండున్నర, యూటాలోని జయాన్ పార్కుకు రెండు, లాస్ వేగస్‌కు మళ్లీ రెండున్నర. రోజుకు అంతకు మించి నడపొద్దు. కాన్యన్ దగ్గరా, జయాన్‌లోనూ రెండేసి రాత్రులు ఉండండి.

పేజ్‌ను మాత్రం వదలొద్దు, నాన్న కోసం చెబుతున్నాను. అక్కడ కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఉంది. ఇరిగేషన్‌లో పనిచేసినన్నాళ్లూ ఆయన నోట నాగార్జున సాగర్ మాటే కదా! సాగర్ 124 మీటర్ల రాతికట్టడం. ఇది 216 మీటర్ల కాంక్రీటు ఆర్చి, రెండు ఎర్రటి కొండల మధ్య విల్లులా వంగి ఉంటుంది. పక్కనే వంతెన, దాని మీద నడిచే దారి. కంచెలోంచి కిందికి చూస్తే పచ్చటి నీళ్లు సన్నగా పారుతుంటాయి. ఆయన్ని అక్కడ తొందరపెట్టకు. విమానాల మధ్య పరుగెత్తే ప్లాన్‌లో నాన్నకు ఆ గంట దొరకదు.

నీ లైసెన్సుతోపాటు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో. డివైడర్ లేని రోడ్డు మీద పసుపు స్కూలు బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే, ఎదురుగా వస్తున్నవాళ్లూ ఆగాలి. ఒక ఊళ్లో తీసుకున్న కారు ఇంకో ఊళ్లో ఇస్తే అదనంగా వసూలు చేస్తారు, ముందే అడుగు. వేసవిలో అరిజోనా దాటి యూటాలోకి వెళ్లగానే గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, హోటల్ టైముల దగ్గర గుర్తుపెట్టుకో. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులు ఫోన్‌లో ముందే దింపుకో.

నయాగరా, షికాగో, కాలిఫోర్నియా ఈసారికి తీసెయ్. ఈ వారంలోనే ఏ మాటో చెప్పు. గ్రాండ్ కాన్యన్ లోపలి లాడ్జిలు నెలల ముందే నిండిపోతాయి.

మీ అక్క