కోకో రైతు: వానాకాలపు పనులు, సలహా దొరికే చోట్లు

ఏలూరు జిల్లా మెట్ట మండలాల్లో కోకో ఎక్కువగా కొబ్బరి, పామాయిల్ తోటల నీడన అంతర పంటగా పెరుగుతుంది. అరకు, పాడేరు కాఫీ రైతుకు 1942 చట్టం కింద నడిచే కాఫీ బోర్డు ఉంది, ఆర్‌.వి. నగర్‌లో దాని పరిశోధన కేంద్రమూ ఉంది. కోకోకు విడిగా బోర్డు లేదు. జీడిమామిడితో కలిపి చూసే డైరెక్టరేట్ ఎక్కడో కొచ్చిలో ఉంది. అందుకే మొక్క ఇవ్వడం, కత్తిరింపులు నేర్పడం చాలావరకు గింజ కొనే కంపెనీల చేతిలోనే పడ్డాయి. కొల్లేరు చెరువుల గట్ల మీద మేత అమ్మేవాళ్లే చేపల రైతుకు సలహా చెప్పడం లాంటిదే ఇదీ. ఆ సలహా చెడ్డదని కాదు. నాణ్యత బాగాలేదని ధర కోసినప్పుడు మాత్రం రైతుకు రెండో మాట కావాలి.

ఆ మాట దగ్గర్లోనే దొరుకుతుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం, దానితోపాటు కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. పామాయిల్ తోటలో కోకో వేసినవారికి పెదవేగిలోని పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది. ఊళ్లో అయితే రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను ముందు అడగాలి.

వానలు పట్టాక ఎక్కువగా అడగాల్సి వచ్చేది కాయ మచ్చల గురించే. ఒకే గోధుమ మచ్చ పాకి కాయంతా నల్లబడితే నల్లకాయ కుళ్లు. చిన్న చిన్న గుంట మచ్చలు విడివిడిగా ఉంటే టీ దోమ కుట్టినట్టు. అది పురుగు గనుక బోర్డో మిశ్రమానికి లొంగదు. తేడా తెలియకపోతే మచ్చ కొత్తగా పుట్టిన కాయనే పట్టుకెళ్లి చూపించాలి, పూర్తిగా కుళ్లిన కాయను చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. కుళ్లు సోకిన కాయలను ఎప్పటికప్పుడు కోసి తోట బయట పూడ్చాలి, గుబురు కొమ్మలు తీసి గాలి ఆడనివ్వాలి, 1 శాతం బోర్డో మిశ్రమం చల్లాలి. 100 లీటర్ల నీటికి మైలుతుత్తం కిలో, సున్నం కిలో సరిపోతాయి. రెండూ విడిగా ప్లాస్టిక్ తొట్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. అందులో ముంచిన ఇనుప కత్తికి ఎర్రటి పూత పడితే ఇంకొంచెం సున్నం కలపాలి.

గింజ ధర తేలేది పులియబెట్టడం దగ్గరే. కుప్ప వేడెక్కాలంటే 50 కిలోల పచ్చి గింజలైనా ఉండాలి. అరెకరం, ఎకరం రైతుకు ఒక్క కోతలో అన్ని రావు. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు ఒకే రోజు కోసి కలిపి వేసుకోవడమే మేలు. మూడో రోజు, అయిదో రోజు తిరగేసి, ఏడో రోజు ఎండలో పోయాలి. తేమ 7 శాతానికి దిగిన గింజలు పిడికిట నొక్కితే చిటపటమంటాయి. అమ్మకానికి ముందు కొన్ని గింజలను నిలువుగా కోసి చూసుకోవాలి: లోపల గోధుమ రంగు ఉంటే బాగా పులిసినట్టు, ఊదా రంగు ఉంటే చాలనట్టు, పలక రంగు ఉంటే అసలు పులియనట్టు. ఈ పరీక్ష కొనేవారి కంటే ముందు రైతే ఇంట్లో చేసుకోవచ్చు.

సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరులో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులో సమాధానం చెబుతారు, ఫోనుకు ఖర్చు లేదు.